అచ్చు పడనివి

ఫారంలో గడులు ఏడు.
జంతువు పేరు, చోటు, వేళ,
కనబడిందా వినబడిందా,
అడుగు, పెంట, సంఖ్య.
సంఖ్య గడి అన్నిటికన్నా ఇరుకు,
రెండంకెలు పడితే పెన్సిలు గీత దాటిపోతుంది.

పన్నెండు రోజుల కూలీకి లెక్కల మనిషిని నేను.
మందస అవతల, జీడితోటల్లో
తోవ చూపడానికి వచ్చినవాడు మాదిన దుర్యోధన.
మంగళ, శుక్రవారాలు రాడు.
ఆ రెండు రోజులూ పలాసలో మిషను పక్కన పడుకుంటాడు.
మోచేతి లోపల, సూదులు దిగేచోట
నరం కొబ్బరితాడులా ఉబ్బి ఉంటుంది.

"నక్కలు రాసుకో బావూ" అన్నాడు మొదటి రాత్రి.
ఎన్ని?
"రెండే. పదున్నట్టు కూత్తాయి.
ఆకలేసినోడికి గొంతులెక్కువ గదా."

పనసచెట్టు మొదట్లో ముళ్ళపంది ముల్లొకటి దొరికింది,
సగం తెలుపు, సగం నలుపు.
ఒకటి అని రాశాను.
"ముల్లుకా, పందికా?" అన్నాడు.
చెవులపిల్లి పెంట చూపించి
తాను పొద్దున్నే మింగే మాత్రలు అంతే ఉంటాయన్నాడు.
మహేంద్రతనయ ఒడ్డున, రాతి మీద,
చేపపొలుసులు ఎండలో మెరుస్తున్నాయి.
నీటికుక్క.
వాళ్ళ తాత వల వేస్తే ముందు అవే వచ్చి కూర్చునేవట,
వాటా పంచుకోవాల్సిన చుట్టాల్లాగ.
ఇప్పుడు పొలుసులున్నాయి.

గబ్బిలాలు ఫారంలో లేవంటే
"పాలిచ్చీవే గదా అవి కూడా" అని నొచ్చుకున్నాడు.

ఎలుగు గడికి వచ్చేసరికి
అడక్కుండానే ఊరు నోరు విప్పింది.
టీ బడ్డీ దగ్గర నాలుగు.
జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళు ఆరన్నారు,
ఒకావిడ గొంతు తగ్గించి ఏడంది.
అంగన్వాడీ కిటికీ విరిచి నూనె పాకెట్లు తాగినవి మూడు.
గొళ్ళెం పెట్టుకుని తలుపు సందులోంచి చూసిన కుర్రాడు
పన్నెండన్నాడు,
చెబుతున్నంతసేపూ వాడి చెయ్యి గొళ్ళెం వెతుక్కుంటూనే ఉంది.

దుర్యోధన ఏమీ అనలేదు.

తెల్లారగట్ల తొలకరి పడి ఆగింది.
ఇసక తోటలో గొంతుక్కూర్చుని వేలుతో చూపించాడు:
ఎడమ వెనక్కాలు, చిటికెన వేలు లేదు.
బడ్డీ వెనక అదే కాలు.
అంగన్వాడీ గుమ్మంలో అదే.
తొమ్మిది చోట్ల తిరిగాం,
తొమ్మిదింటా నాలుగేళ్ళే.
ఊరికి పన్నెండైన ఎలుగు
ఇసక మీద ఒక్కటే అయింది,
రాత్రంతా మూడూళ్ళు నడిచి,
పుట్టలు తవ్వుకుంటూ,
తుఫానుకి పడిపోయిన చెట్లకింద పళ్ళు వెతుక్కుంటూ.

ఒకటి అని రాయబోయాను.
"ఆగు."
అడుగులోకి వేలు దించాడు.
"పోయిన నెల్లో ఒక కణుపు దిగీది.
ఇప్పుడు కణుపున్నర.
జీడిపళ్ళు అయిపోనాయి, కడుపు నిండి కాదు.
ఈపు నిండింది.
పిల్లలు, బావూ. ఒకటో రెండో.
నేల మీద కాలెట్టనేదు ఇంకా."

కాలు పెట్టని వాటిని ఏ గడిలో రాయాలి?
కనబడలేదు. వినబడలేదు.
అడుగు లేదు, ఉన్నది బరువు.

తిరిగొస్తుంటే తనంతట తనే చెప్పాడు.
"మమ్మల్నీ ఇలాగే రాసుకెల్లినారు.
రక్తం సీసాల్లోన, నుయ్యి నీళ్ళు సీసాల్లోన.
గోడ మీద నెంబరు ఏసినారు,
మా ఇంటిది నాను సున్నం కొట్టనేదు, అలాగే ఉంది.
ఆ రోజు నా బుజమ్మీద ఉన్న గుంటడ్ని
ఎవుడూ అడగనేదు."
గుంటడు ఎలా ఉన్నాడని నేనూ అడగలేదు.

మర్నాడు మంగళవారం. అతను తొలి బస్సెక్కాడు.
రేంజి ఆఫీసులో గుమాస్తా చెయ్యి చాచాడు,
తొందరగా ఇమ్మన్నట్టు.
ఎలుగు గడిలో ఒకటి వేశాను.
కాస్త గట్టిగా నొక్కి వేశాను,
కింది కాయితం మీద కూడా
లోతు కనబడేలా.